చూస్తూ వినడం: వీడియోల సాయంతో సంగీతాన్ని, సంగీతకారుల పనితనాన్ని ఆస్వాదించడం ఎలా?

పాట బాగుందని చెప్పడానికి ఏ శిక్షణా అక్కర్లేదు. ఆ బాగుండటం ఎక్కడి నుంచి వస్తోంది, అందులో రచన గొప్పతనం ఎంత, పాడేవాళ్ళ పనితనం ఎంత, పక్కన వాయించేవాళ్ళు చేస్తున్నదేమిటి అని తెలుసుకోవాలంటే మాత్రం కొంత సాధన కావాలి. ఒకప్పుడు దానికి గురువు ఎదుట కూర్చోవాల్సి వచ్చేది, లేదంటే కచేరీలో ముందు వరుసలో చోటు దొరకాల్సి వచ్చేది. ఇప్పుడు వయొలిన్ మీద ఎడమచేతి వేలు ఎంత దూరం జారుతోందో, తబలా మీద అరచేతి మడమ ఎక్కడ నొక్కుతోందో పక్కనే కూర్చున్నంత దగ్గరగా చూడొచ్చు. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, సగం వేగానికి తగ్గించి మళ్ళీ చూడొచ్చు.

ఇది స్వరజ్ఞానం లేదనుకునేవాళ్ళ కోసం, వాద్యం పట్టుకోని వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇక్కడ చెప్పే పద్ధతి అంతటికీ ఆధారం ఒక్కటే: వీడియోలో కన్ను చెవికి దారి చూపించాలి, చెవికి ఆ దారి తెలిశాక కన్ను పక్కకు తప్పుకోవాలి. ఆ రెండో సగం చాలామంది చెయ్యరు. అందుకే ఏళ్ళ తరబడి వీడియోలు చూసినా వినికిడి ఉన్నచోటే ఉండిపోతుంది.

ముందుగా, కన్ను చేసే మోసం

2013లో చియా-జంగ్ సే అనే పరిశోధకురాలు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. ఆవిడ స్వయంగా పియానో కళాకారిణి. నిజంగా జరిగిన పోటీల్లో ఫైనల్‌కు చేరిన ముగ్గురేసి కళాకారుల క్లిప్పులు చూపించి, గెలిచింది ఎవరో చెప్పమన్నారు. కొందరికి శబ్దం మాత్రమే వినిపించారు, కొందరికి శబ్దం లేని వీడియో చూపించారు. గెలిచినవాళ్ళను ఎక్కువగా గుర్తుపట్టింది మూగ వీడియో చూసినవాళ్ళే. శబ్దం మాత్రమే విన్నవాళ్ళు గుడ్డిగా ఊహించినంత మాత్రమే చెప్పగలిగారు. సంగీతం వృత్తిగా ఉన్నవాళ్ళు కూడా ఇందుకు మినహాయింపు కాలేదు.

2007లో మైఖేల్ షుట్జ్, స్కాట్ లిప్స్‌కంబ్ చేసిన ప్రయోగం ఇంకా విచిత్రంగా ఉంటుంది. మరింబా అనే చెక్కపలకల వాద్యం మీద కొట్టేటప్పుడు కళాకారుడు చేతిని పొడుగ్గా ఊపితే, చూసేవాళ్ళకు ఆ స్వరం కూడా ఎక్కువసేపు మోగినట్టే అనిపించింది. కళ్ళు మూసుకుని విన్నప్పుడు ఆ తేడా లేదు.

దీన్నిబట్టి మనం చెయ్యాల్సింది ఏమిటంటే, ఏ వీడియో అయినా మొదటిసారి చూడొద్దు. ఫోన్ బోర్లా పెట్టి వినండి. కళాకారుడి ముఖకవళికలు, ఊగడం, లైట్లు, కెమెరా కదలికలు మన తీర్పులోకి దూరకముందే చెవికి ఏం దొరికిందో తెలియాలి. దొరికింది చాలా తక్కువే కావచ్చు. ఫర్వాలేదు, లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే.

ఏ వీడియో చూడాలి?

సంగీతకారుడి పనితనం తెలుసుకోవడానికి మ్యూజిక్ వీడియోలు పనికిరావు. వాటిలో శబ్దం స్టూడియోలో ముందే సిద్ధమవుతుంది, బొమ్మ తర్వాత తీస్తారు. తెర మీద కనిపించే చేతులకూ వినిపించే స్వరాలకూ సంబంధం ఉండాలన్న నియమం లేదు. పైగా 1997లో ఆటో-ట్యూన్ వచ్చిన తర్వాత స్టూడియో గొంతులో శ్రుతి ఎంతవరకు మనిషిది, ఎంతవరకు యంత్రానిది అని బయటి నుంచి చెప్పడం కష్టం. ఆ పాటలు వినొద్దని కాదు. నేర్చుకోవడానికి అవి సరైన పాఠం కావని మాత్రమే.

కావాల్సింది ప్రత్యక్ష ప్రదర్శన. అందులోనూ కోతలు తక్కువగా ఉండి, కెమెరా చేతుల మీద నిలబడేది. ముప్పై సెకన్ల ముక్కల్ని నేను పాఠాలుగా లెక్కపెట్టను. వేగంగా వేళ్ళు పరిగెత్తించడం ముప్పై సెకన్లలో కనిపిస్తుంది గానీ, ఒక రాగాన్ని నెమ్మదిగా విప్పడం, ఒక లయను పావుగంట నిలకడగా నడపడం కనిపించవు. చిన్న వీడియోలు మాత్రమే చూస్తూ ఉంటే వేగమే ప్రతిభ అన్న అభిప్రాయం తెలియకుండానే స్థిరపడిపోతుంది. ఆ తర్వాత విలంబిత కాలంలో, అంటే చాలా నెమ్మదిగా, పాడేవాళ్ళ కష్టం కంటికి ఆనదు.

నమ్మకంగా మొదలుపెట్టగలిగే చోట్లు కొన్ని చెప్తాను. అమెరికాలోని ఎన్‌పీఆర్ రేడియో 2008 నుంచి చేస్తున్న టైనీ డెస్క్ కచేరీల్లో కళాకారులు ఆఫీసులో ఒక బల్ల వెనకాల చిన్న జాగాలో వాయిస్తారు. గొంతులోని ఊపిరి కూడా వినిపించేంత దగ్గరగా ఉంటుంది. నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రచనలన్నిటినీ చిత్రీకరించి ఉచితంగా పెట్టే పని చేస్తోంది. కెమెరా ఎవరి మీద ఎప్పుడు ఉండాలో సంగీతం తెలిసినవాళ్ళే నిర్ణయించారని చూడగానే తెలుస్తుంది. హిందుస్తానీ, కర్ణాటక సంగీతాలకు బ్రిటన్‌లోని దర్బార్ ఫెస్టివల్ వీడియోల్లో బొమ్మ, శబ్దం రెండూ శుభ్రంగా ఉంటాయి.

ప్రేక్షకుల మధ్య నుంచి ఫోన్‌తో తీసిన వీడియోలతో ఒక చిక్కుంది. చాలా ఫోన్లు చిన్న శబ్దాన్ని తామే పెంచి, పెద్ద శబ్దాన్ని తామే తగ్గిస్తాయి. కళాకారుడు ఎంతో జాగ్రత్తగా చేసిన హెచ్చుతగ్గులు దాంతో చదునైపోతాయి. అపురూపమైన పాత కచేరీ అలాగే దొరికితే చూడండి, కానీ నాదం నాణ్యత గురించి దాని మీద అంచనా వెయ్యకండి.

చెవికి సరిగ్గా అందేలా చూసుకోవడం

ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మామూలు గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర. అంత తక్కువ ధ్వనిని ఫోన్‌లోని చిన్న స్పీకర్ సరిగ్గా ఇవ్వలేదు. మృదంగం ఎడమవైపు నాదం, తబలా జంటలో ఎడమచేతి డగ్గా గుంకారం, బేస్ గిటార్ నడక సగానికి సగం పోతాయి. సంగీతానికి నేల లాంటి భాగమే వినకుండా మిగతాది అర్థం కావడం కష్టం.

యూట్యూబ్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో స్టేబుల్ వాల్యూమ్ అని ఉంటే ఆపెయ్యండి. అది చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడాను తగ్గిస్తుంది. మాటల వీడియోలకు మంచిదే, సంగీతానికి కాదు. ఆటోప్లే కూడా ఆపండి. కంప్యూటర్‌లో అయితే జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే పది సెకన్లు ముందుకు, కె నొక్కితే ఆగుతుంది. ఆగినప్పుడు కామా, ఫుల్‌స్టాప్ కీలతో ఒక్కో ఫ్రేమ్ చొప్పున కదలొచ్చు. వేగాన్ని 0.75కి, 0.5కి తగ్గించినా శ్రుతి మారదు, కాబట్టి అదే స్వరాన్ని నెమ్మదిగా వినొచ్చు. అయితే తగ్గించినప్పుడు నాదం కొంచెం చెదురుతుంది. నెమ్మది వేగంలో వేళ్ళు, లెక్కలు చూడండి. గొంతు బాగుందా, తీగ బాగా మోగుతోందా అన్నది అసలు వేగంలోనే తేల్చుకోవాలి.

ఒకే వీడియో, ఐదు సార్లు

ఐదు నుంచి ఎనిమిది నిమిషాల వీడియో ఒకటి ఎంచుకోండి. ముగ్గురు నలుగురు కళాకారులు ఉంటే చాలు, పెద్ద బృందం మొదట్లో గందరగోళంగా ఉంటుంది.

మొదటిసారి బోర్లా పెట్టి వినడం. అయిపోగానే తోచినవి రెండు మూడు వాక్యాలు రాసుకోండి. "మధ్యలో ఎక్కడో ఊపు పెరిగింది, ఎందుకో తెలియలేదు" లాంటి మాట అయినా సరే. తర్వాతి పనికి దారి ఆ "ఎందుకో తెలియలేదు" దగ్గరే దొరుకుతుంది.

రెండోసారి మామూలుగా చూడండి, ఏమీ వెతకొద్దు. మూడోసారి మాత్రం అందరూ చూసే మనిషిని వదిలేసి, వెనకున్న ఒక్కరినే పట్టుకోండి. కెమెరా వాళ్ళ మీద లేనప్పుడు కూడా చెవితో వాళ్ళనే అనుసరించాలి. ఇదే ఈ ఐదింటిలో కష్టమైనది, ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా. బేస్ గిటార్, మృదంగం, పక్క వయొలిన్, వెనక గొంతు, ఏదైనా సరే. పది పదిహేను సెకన్లకే మనసు మళ్ళీ ముందున్న గాయకుడి దగ్గరికి పోతుంది. పోయినప్పుడల్లా వెనక్కి తెచ్చుకోవడమే సాధన.

నాలుగోసారి మొదట రాసుకున్న ప్రశ్న దగ్గరికి వెళ్ళి, ఆ ఇరవై సెకన్ల ముక్కనే నెమ్మదిగా, పదేపదే చూడండి. ఊపు పెరిగిన చోట ఏం మారింది? డ్రమ్మర్ మూసిన పళ్ళేల మీద నుంచి పెద్ద పళ్ళెం మీదకి మారాడా? గాయని పై స్థాయికి వెళ్ళిందా? ఎవరైనా వాయించడం ఆపేశారా? ఆపేయడం వల్ల కూడా ఊపు వస్తుందని చాలామంది ఇక్కడే మొదటిసారి గమనిస్తారు.

ఐదోసారి మళ్ళీ కళ్ళు మూసుకుని. చూసి తెలుసుకున్నవన్నీ ఇప్పుడు చెవికి అందాలి. అందనివి ఉంటే మర్నాడు మళ్ళీ వినండి.

లయ: చేతిని చూసి లెక్క పట్టుకోవడం

వీడియోతో అన్నిటికంటే త్వరగా వచ్చేది లయజ్ఞానం. కారణం, లయ కంటికి కనిపిస్తుంది. కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడు తొడ మీద తాళం వేస్తూనే ఉంటాడు. మనకు దొరికిన ఉచిత పాఠం అది.

ఆది తాళంతో మొదలుపెట్టండి. ఎనిమిది దెబ్బలు. మొదట ఒక చరుపు, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ఇవి నాలుగు. ఆపైన చరుపు, తిప్పు, మళ్ళీ చరుపు, తిప్పు. మొత్తం ఎనిమిది. తెర మీద చెయ్యి చూస్తూ మీ చేత్తో కూడా వెయ్యండి. పది నిమిషాలు వదలకుండా వెయ్యగలిగిన రోజున చెయ్యి చూడటం మానేసి వెయ్యండి. తప్పితే చూసి సరిచేసుకోండి.

ఇది కుదిరాక తని ఆవర్తనం, అంటే కచేరీలో లయ వాద్యాలు మాత్రమే మోగే భాగం, వినడం పూర్తిగా వేరే అనుభవం. మృదంగం వాయించేవాళ్ళు ఒక ముక్కను మూడుసార్లు పలికించి సరిగ్గా సమం మీదకు, అంటే తాళం మొదటి దెబ్బ మీదకు, వచ్చి దిగుతారు. హిందుస్తానీలో దీన్ని తిహాయి అంటారు, కర్ణాటకంలో తీర్మానం. అది ఎలా పనిచేస్తుందో ఒక చిన్న ఉదాహరణతో స్వయంగా చేసి చూడండి.

ఒక్కో దెబ్బను నాలుగు భాగాలుగా అనుకుంటే ఆది తాళం ఒక ఆవర్తనంలో, అంటే ఒక పూర్తి చుట్టులో, 32 భాగాలు ఉంటాయి. "త ది గి ణ తోం" అనే ఐదక్షరాల ముక్క తీసుకోండి, అక్షరానికి ఒక భాగం. ముక్కకూ ముక్కకూ మధ్య ఒక భాగం ఖాళీ. దీన్ని ఐదో దెబ్బ మీద, అంటే 17వ భాగంలో మొదలుపెడితే మొదటి "తోం" 21వ భాగంలో, సరిగ్గా ఆరో దెబ్బ మీద పడుతుంది. ఒక భాగం ఆగి మళ్ళీ మొదలుపెడితే రెండో "తోం" 27వ భాగంలో పడుతుంది. అది ఏడో దెబ్బకూ ఎనిమిదో దెబ్బకూ సరిగ్గా మధ్య, చెయ్యి గాలిలో ఉండే చోటు. మళ్ళీ ఒక భాగం ఖాళీ. మూడో ముక్క ఎనిమిదో దెబ్బ మీద మొదలై, చివరి "తోం" తర్వాతి ఆవర్తనం మొదటి చరుపు మీద వచ్చి కూర్చుంటుంది.

నోటితో అంటూ చేత్తో తాళం వేసి చూడండి. మొదటి తోం దెబ్బ మీద పడి ధైర్యం ఇస్తుంది. రెండోది దెబ్బ తప్పి పడి టెన్షన్ పెంచుతుంది. మూడోది సమం మీద దిగి ఆ టెన్షన్‌ను తీర్చేస్తుంది. కచేరీలో ఆ క్షణాన సభ అంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టేది ఇందుకే. నిజమైన కచేరీల్లో లెక్కలు దీనికంటే ఎన్నో రెట్లు పెద్దవి, ఒక్కోసారి కొన్ని ఆవర్తనాల పొడవునా సాగుతాయి. కానీ లోపలి సూత్రం చాలావరకు ఇదే.

మిగతా సంగీతాల్లో కూడా చూడదగ్గ చెయ్యి ఒకటి ఉంటుంది. హిందుస్తానీ తీన్‌తాల్‌లో 16 మాత్రలు, అంటే 16 దెబ్బలు. తొమ్మిదో మాత్ర దగ్గర ఖాళీ వస్తుంది. అక్కడ తబలా ఠేకాలో, అంటే తాళాన్ని చెప్పే మూల వరుసలో, "ధిన్" పోయి "తిన్" వస్తుంది. ఎడమచేతి గుంకారం కాసేపు మాయమవుతుంది. ఆ చెయ్యినే చూస్తూ ఉంటే ఖాళీని ఇక ఎప్పుడూ పోగొట్టుకోరు. రాక్, పాప్ పాటల్లో డ్రమ్మర్ స్నేర్ అనే చిన్న డ్రమ్మును కొట్టే చెయ్యి ఎక్కువగా రెండో, నాలుగో లెక్కల మీద గట్టిగా పడుతుంది. ఆ గట్టి దెబ్బల మధ్య వినీ వినిపించనంత మెత్తగా పడే చిన్న దెబ్బల్ని గమనించండి. పాటకు ఊపునిచ్చేవి అవే. అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ తన షఫుల్ లయను తానే వాయించి వివరించే వీడియోలు ఉన్నాయి. ఈ మెత్తటి దెబ్బలు వినడానికి అంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

పనిలో పనిగా ఒక విషయం. మృదంగం, తబలా మోతలో స్పష్టమైన శ్రుతి వినిపిస్తుంది, మామూలు డప్పులో వినిపించదు. చర్మం మధ్యలోని నల్లటి పూత (కరణి) వల్ల ఆ వాద్యాల ఉపస్వరాలు దాదాపు తీగ వాద్యంలా వరుసలోకి వస్తాయని సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లో నేచర్ పత్రికలో రాశారు. కచేరీ మధ్యలో మృదంగాన్ని చిన్న సుత్తితో తట్టి సరిచేసుకోవడం కనిపిస్తే ముందుకు దాటెయ్యకండి. తట్టక ముందు, తట్టాక తేడా వినడం శ్రుతికి చక్కటి అభ్యాసం.

స్వరం: వేలు జారే దూరం

పాట నడుస్తుండగా ఎక్కడికి వచ్చి ఆగితే ఇంటికి చేరినట్టు అనిపిస్తుందో ఆ స్వరాన్ని మీరూ గొంతులో పలకండి. పెదవులు మూసుకుని అయినా సరే. భారతీయ సంగీతంలో ఇది సులువు, తంబూరా ఆ షడ్జమాన్ని ఎప్పుడూ పలికిస్తూనే ఉంటుంది. ఆ ఆధార స్వరాన్ని వదలకుండా పట్టుకుని వింటే, గాయని దాని నుంచి ఎంత దూరం వెళ్తోంది, ఎప్పుడు తిరిగొస్తోంది అన్నది స్వరాల పేర్లు తెలియకపోయినా తెలుస్తుంది.

తర్వాత గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జార్చుతూ పలకడం. వీణ మీద చూడటం మంచిది. 24 మెట్లు ఉంటాయి. కానీ కళాకారులు ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు. కుడిచేయి మీటింది ఒక్కసారే, ఎడమచెయ్యి ఆ నాదాన్ని మోసుకెళ్తుంది. సగం వేగంలో చూస్తే మీటు ఎక్కడ అయింది, లాగడం ఎక్కడ మొదలైంది విడివిడిగా కనిపిస్తాయి. ఇది చూశాక గాత్రంలోని గమకం కూడా వేరేగా వినిపిస్తుంది.

యు. శ్రీనివాస్ మాండొలిన్ వీడియోలు ఇక్కడ తప్పక చూడాలి. మాండొలిన్ పుట్టుకతో గమకాల వాద్యం కాదు. జంట తీగలు, చిన్న మెట్లు, మీటగానే ఆరిపోయే నాదం. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడి, ఎడమచేతి వేళ్ళు జార్చే తీరుతో దాని మీద రాగాలు పాడించారు. వేలు మెట్టు మీద ఆగి ఉందా, వస్తూ ఉందా, వెళ్తూ ఉందా అని చూస్తూ వినండి. వాద్యం ఇవ్వనన్నదాన్ని దాని నుంచి రాబట్టడం అంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది.

వయొలిన్‌లో కుడిచేతిని చూడండి. విల్లు గుర్రం (తీగల్ని ఎత్తి పట్టుకునే చెక్క ముక్క) దగ్గరికి జరిగితే నాదం పదునెక్కుతుంది, వేళ్ళ పలక వైపు జరిగితే మెత్తబడుతుంది. గాయకుల్లో ఊపిరి చూడండి. పొడవైన వాక్యానికి ముందు ఎక్కడ గాలి పీల్చుకున్నారు, మాట మధ్యలో తెగకుండా ఎలా చూసుకున్నారు. ఇది ఒకసారి కనిపెడితే చాలు, తర్వాత వద్దన్నా వినిపిస్తూనే ఉంటుంది.

పియానోలో వీటిలో ఒక్కటీ కుదరదు. మీట నొక్కాక ఆ స్వరాన్ని వంచలేరు, పెంచలేరు. మరి పియానో కళాకారుల మధ్య తేడా ఎక్కడుంది? ఎప్పుడు నొక్కారు, ఎంత బరువుతో నొక్కారు, ఎప్పుడు వదిలారు, కాలి కింద పెడల్ ఎప్పుడు మార్చారు అన్నవాటిలో. ఇది వినడానికి ఒకే రచనను రెండుసార్లు పోల్చడం ఉత్తమం.

ఒకే రచన, రెండు మనసులు

కెనడా పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను 1955లో ఒకసారి, 1981లో మరోసారి రికార్డు చేశాడు. మొదటిది ఇరవై రెండేళ్ళ వయసులో. రెండోది చనిపోవడానికి దాదాపు ఏడాదిన్నర ముందు, బ్రూనో మోన్‌సేన్‌జాన్ దాన్ని కెమెరాతో చిత్రీకరించాడు. మొదటి భాగమైన ఆరియాను మాత్రం తీసుకోండి. 1955లో రెండు నిమిషాల లోపే అయిపోతుంది. 1981లో మూడు నిమిషాలు దాటుతుంది. స్వరాలు అవే, మనిషి అతనే.

మొదట రెండూ కళ్ళు మూసుకుని వినండి. తర్వాత 1981 వీడియో చూడండి. అతి తక్కువ ఎత్తున్న కుర్చీలో, మీటల కంటే కిందికి మోచేతులు దించి కూర్చుంటాడు. భుజం బరువు వాడడు, వేళ్ళతోనే పని. వాయిస్తూ తనలో తాను పాడుకోవడం కూడా వినిపిస్తుంది. ఒక చేతికి పని లేనప్పుడు ఆ చెయ్యి గాలిలో రెండో చేతిని నడిపిస్తుంది.

ఇక్కడ మీరు అడగాల్సింది ఏది బాగుంది అని కాదు, నెమ్మదించినందువల్ల కొత్తగా ఏం వినిపించింది అని. నాకైతే ఎడమచేతి గీత వినిపిస్తుంది. 1955లో అది పై రాగానికి తోడుగా పోతుంది, 1981లో తానూ ఒక పాట పాడుతున్నట్టు విడిగా నిలబడుతుంది. మీకు వేరే ఏదైనా వినిపించొచ్చు. ఇదే పని త్యాగరాజ కీర్తనతోనూ చెయ్యొచ్చు. ఒకే కీర్తన నలుగురు పాడిన వీడియోలు తీసుకుని, నాలుగింటిలోనూ పల్లవి సంగతులు, అంటే అదే పల్లవి వాక్యాన్ని మార్చి మార్చి పాడే తీర్లు, మాత్రమే వినండి. ఎవరు ఎన్ని సంగతులు వేశారు, ఏది ఎక్కడ మొదలుపెట్టారు అన్నది అరగంటలో తేలిపోతుంది.

కలిసి వాయించడం

కర్ణాటక కచేరీలో గాయకుడు ఆలాపన చేస్తున్నప్పుడు పక్క వయొలిన్ వాయించేవాళ్ళను చూడండి. ముందుగా రాసుకున్నది ఏదీ ఉండదు. గాయకుడు పాడినదాన్ని ఒక క్షణం వెనకగా నీడలా పట్టుకుంటారు, అతను ఆగినప్పుడు ఆ చివరి పదాన్ని అందుకుని ఖాళీ పడకుండా నిలబెడతారు. తర్వాత తమ వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని తమ దారిలో చెప్తారు. విల్లు చాలాసేపు తీగ మీద ఉన్నా ఏమీ వాయించకుండా ఎదురుచూసే క్షణాలు కూడా ఉంటాయి. ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం కూడా పాండిత్యమే.

పాశ్చాత్య స్ట్రింగ్ క్వార్టెట్‌లో కండక్టర్ ఉండడు. మొదటి వయొలిన్ వాయించేవాళ్ళు గాలి పీల్చే తీరు, విల్లు ఎత్తే వేగం చూసి మిగతా ముగ్గురూ ఒకేసారి మొదలుపెడతారు. ఆ ఊపిరిలోనే రాబోయే వేగం ఉంటుంది. మొదటి స్వరానికి ముందున్న ఒక్క సెకన్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తే అర్థమవుతుంది. జాజ్‌లో చూపులు చూడండి. సోలో ముగియబోతుంటే ఒక తల ఊపు, ఒక చూపు, వెంటనే మరొకరు అందుకుంటారు.

ఏదైనా తప్పినప్పుడు

1986లో అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ ఆర్కెస్ట్రాను నడిపిస్తుండగా పద్నాలుగేళ్ళ వయొలిన్ కళాకారిణి మిడోరి సోలో వాయిస్తోంది. వయొలిన్‌లో అన్నిటికంటే సన్నని పై తీగ (ఇ తీగ) తెగింది. వెంటనే ఆర్కెస్ట్రాలోని మొదటి వయొలిన్ కళాకారుడి వయొలిన్ తీసుకుని కొనసాగించింది. దాని తీగ కూడా తెగింది. మూడో వయొలిన్ మీద పూర్తి చేసింది. చేతికి అలవాటు లేని వయొలిన్ అంటే వేళ్ళ దూరాలు, బరువు, నాదం అన్నీ కొత్త. వీడియోలో ఆ మార్పు అయ్యాక మొదటి ఐదారు సెకన్లు శ్రద్ధగా వినండి.

పోర్చుగల్ పియానిస్ట్ మరియా జువావ్ పిరెస్‌ది మరో వీడియో. ఆమ్‌స్టర్‌డామ్‌లో కండక్టర్ రికార్డో షాయీ ఆర్కెస్ట్రాను మొదలుపెట్టించాక, తాను సిద్ధమై వచ్చింది వేరే మొజార్ట్ కన్‌చెర్టో (సోలో వాద్యం, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన)కని ఆమెకు తెలిసింది. ఆర్కెస్ట్రా వాయిస్తున్నది 20వది, డి మైనర్. పియానో ప్రవేశించే ముందు ఆర్కెస్ట్రా వాయించే ఆ కొద్ది నిమిషాల్లోనే ఆమె ముఖంలో భయం, షాయీతో మాటలు, తర్వాత నిర్ణయం కనిపిస్తాయి. తన వంతు రాగానే జ్ఞాపకం నుంచే వాయించింది. శిక్షణ వేళ్ళలో ఎంత లోతుకు దిగి ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అరుదు.

వివరించే వీడియోలు, మాస్టర్ క్లాసులు

వివరణ వీడియోలు ఎంత బాగున్నా, ముందు మీరు విన్నాకే చూడాలి. లేకపోతే వాళ్ళు చెప్పింది మాత్రమే వినిపిస్తుంది. బెర్న్‌స్టీన్ 1958 నుంచి 1972 వరకు టెలివిజన్‌లో పిల్లల కోసం చేసిన కచేరీ పాఠాలు ఇప్పటికీ పెద్దవాళ్ళకు కూడా పనికొస్తాయి. మాట్లాడిన వెంటనే ఆర్కెస్ట్రా చేత వాయించి చూపిస్తాడు. 2009లో ఒక సైన్స్ వేదిక మీద గాయకుడు బాబీ మెక్‌ఫెరిన్ అటూ ఇటూ గెంతుతూ సభ చేత ఐదు స్వరాల వరుస పాడించిన వీడియో మూడు నిమిషాలే ఉంటుంది. రెండు స్వరాలే నేర్పిస్తాడు. తర్వాతివి సభ తనంతట తానే అందుకుంటుంది. చూస్తూ మీరూ పాడండి.

అన్నిటికంటే విలువైనవి మాస్టర్ క్లాసులు. విద్యార్థి వాయిస్తాడు, గురువు ఒక్క మాట చెప్తారు, విద్యార్థి మళ్ళీ వాయిస్తాడు. రెండింటి మధ్య మారింది ఒక్కటే కాబట్టి తేడా తేటగా వినిపిస్తుంది. గురువు నోరు తెరవబోతుండగా వీడియో ఆపి, మీరైతే ఏం చెప్పేవారో ఒక వాక్యంలో రాయండి. ఆపైన వినండి. మొదట్లో మీ వాక్యం వేగం గురించో, తప్పు స్వరం గురించో ఉంటుంది. గురువు మాట్లాడేది ఎక్కువగా వాక్యం ఎటు పోతోంది, ఏ స్వరం మీద బరువు ఉండాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నవాటి గురించి. కొన్నాళ్ళకు మీ వాక్యాలూ అటే మళ్ళుతాయి.

నోటు పుస్తకం, వరుస

పేజీకి ఒక వీడియో. పైన పేరు, కళాకారులు. కింద నిమిషం, సెకన్ వేసి ఆ చోట విన్నది. "4:12, వయొలిన్ ఆగింది, మృదంగం ఒక్కటే" అన్నంత పొట్టిగా చాలు. బాగుంది, అద్భుతం లాంటి మాటలు రాయకండి, తర్వాత చదివితే వాటి నుంచి ఏమీ తెలియదు.

మొదటి నెల ఒకే సంగీతం, ఒకే వాద్యం పట్టుకోండి. వారానికి ఒక వీడియో, ఐదు సార్లూ పూర్తిగా. రెండో నెల అదే వాద్యం మీద మరో ఇద్దరు కళాకారులు, కుదిరితే ఒకే రచన. మూడో నెలలో పక్కన వాయించేవాళ్ళ వైపు మళ్ళండి. ఆ తర్వాతే వేరే దేశపు సంగీతం, వేరే వాద్యం. సిఫార్సుల జాబితా చూపించే తర్వాతి వీడియో మీద నొక్కే ముందు, ఇప్పుడు అయిపోయినదాన్ని తెర బోర్లా పెట్టి చివరిసారి వినండి. నోటు పుస్తకంలో రాసుకున్న ప్రతి చోటూ చూడకుండా, నిమిషం లెక్క లేకుండా పట్టుకోగలిగితే ఆ పేజీ మూసేసి కొత్తది మొదలుపెట్టొచ్చు.